తుంపరకో లెక్క

పాత మారుతి 800 డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగుకి ఎడమ పక్కన, రెండు స్క్రూలతో బిగించిన అల్యూమినియం పెట్టె ఒకటుంది. అరచేతిలో ఇమిడిపోయేంతది. మూత తీస్తే చిన్న బోర్డు. దాని మీద ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి, రిలే ఒకటి, ట్రాన్సిస్టర్ ఒకటి, ఇంకా డయోడ్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు. అన్నీ కలిపినా ఇరవై దాటవు. ఇంతా చేసి ఆ పెట్టె పని ఒక్కటే. చినుకు సన్నగా పడుతున్నప్పుడు వైపర్‌ని ఆగి ఆగి తిప్పుతుంది.

ఇప్పటి కార్లలో ఆ సౌకర్యం కంపెనీయే ఇస్తోంది కాబట్టి ఇదో విశేషమా అనిపించవచ్చు. ఈ బండిలో మాత్రం వైపర్ స్విచ్చికి మెల్లగా, జోరుగా అని రెండే మెట్లు ఉండేవి. విశాఖ వాన ఆ రెండు మెట్లకి ఒదగదు. అల్పపీడనం పట్టిందంటే సముద్రం మీంచి వచ్చే తుంపర గంటల తరబడి వదలదు, అలాగని గట్టిగానూ పడదు. అనంతగిరి ఘాటెక్కితే వానే అక్కర్లేదు, మబ్బే వచ్చి అద్దానికి ఆనుకుంటుంది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీ వెనక చిక్కుకుంటే అది మరో రకం. బొగ్గు పొడీ నీళ్లూ కలిసి పల్చటి నల్ల బురదై అద్దం మీద చిందుతుంది. ఇలాంటప్పుడు ఆపకుండా తిరిగే వైపర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నీళ్లు చాలక రబ్బరు కీచుమంటుంది, పొడి అద్దం మీద గీతలు పడతాయి. డ్రైవరు ఒక చేత్తో స్విచ్చి వేస్తూ తీస్తూ ఉంటాడు.

పెట్టె చేసినాయన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు. ‘పేరెందుకు బాబూ, బోర్డు బొమ్మ వేసుకో, అది చాలు’ అన్నారు. మా వీధిలో అందరికీ ఆయన బాబాయే కనుక ఇక్కడా బాబాయే.

సర్క్యూట్ ఆయన కనిపెట్టింది కాదు. ఆ మాట ముందు ఆయనే చెప్తారు. 1969 నుంచి వస్తున్న ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక పాత సంచికలు ఆయన అటక మీద కట్టలు కట్టి ఉన్నాయి. వైపర్‌కి టైమరు, బ్యాటరీ వోల్టేజి చూపే ఎల్‌ఈడీల వరస, హెడ్‌లైట్లు ఆపడం మరిచిపోతే అరిచే బజరు, ఇలాంటివి హాబీ పత్రికల్లో, పుస్తకాల్లో కొల్లలు. బల్ల మీద పెట్టి వెలిగించడం ఇంటర్ కుర్రాడికైనా వస్తుంది. దాన్ని కారులో పెట్టి ఏళ్ల తరబడి బతికించడం వేరే విద్య. నాకు ముచ్చటేసింది ఆ విద్యే.

కారులో కరెంటు నమ్మదగింది కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం గానీ ఇంజను నడుస్తుంటే అది పద్నాలుగు దాటుతుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో ఎనిమిదికీ పడిపోతుంది. ఆల్టర్నేటర్ చార్జి చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లూజై ఊడిందా, సెకనులో చిన్న ముక్కసేపు అరవై ఎనభై వోల్టులు కూడా తన్నుతుంది. హారన్, రిలే, మోటారు ఆగిన ప్రతిసారీ తలకిందులైన వోల్టేజి ఒకటి వైర్లలోకి వస్తుంది. పైగా మే నెల ఎండలో అద్దాలెత్తి నిలబెట్టిన బండి లోపల వేడి, గాజువాక రోడ్ల అదురు, సముద్రపు ఉప్పు గాలి. ఆ చిన్న ఐసీ తట్టుకోగలిగింది మాత్రం పదహారు వోల్టులు.

ఆ ఐసీ 555. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెంజిండ్ 1971లో అమెరికాలో సిగ్నెటిక్స్ కంపెనీకి కాంట్రాక్టు మీద దాన్ని డిజైన్ చేశాడు. 1972లో బజారులోకి వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఇంకా తయారవుతూనే ఉంది, పది రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతూనే ఉంది. కారుకి అది ఎందుకంత నప్పిందో బాబాయ్ చెప్పినప్పుడు నాకు ఆ ఐసీ మీద గౌరవం పెరిగింది. 555 తన కెపాసిటర్ ఎంత నిండిందో కొలిచేది వోల్టుల్లో కాదు, వంతుల్లో. సప్లయిలో మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయడం మొదలుపెడుతుంది, మూడింట ఒక వంతుకి దిగగానే మళ్లీ నింపుతుంది. సప్లయి పెరిగితే రెండు గీతలూ పెరుగుతాయి, తగ్గితే రెండూ తగ్గుతాయి. పన్నెండు వోల్టులున్నా పద్నాలుగున్నా సమయం మాత్రం మారదు. వోల్టేజి నిలకడగా ఉండని చోట నిలకడగా గడియారం చెప్పే ఉపాయం ఇది.

బాబాయ్ వేసిన విలువలు చూడండి. కెపాసిటర్ 47 మైక్రోఫారడ్లు. నిండే దారిలో 22 కిలో ఓమ్‌లు, ఒక డయోడు. ఆ లెక్కన రిలే ముప్పావు సెకను పట్టుకుంటుంది. ఖాళీ అయ్యే దారిలో 68 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దానితో వరసగా 470 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్. నాబ్ ఒక కొసన ఉంటే ఊపుకీ ఊపుకీ మధ్య రెండు సెకన్ల పైచిలుకు, రెండో కొసకి తిప్పితే పదిహేడు సెకన్లు. స్విచ్చి వేసిన మొదటిసారి కెపాసిటర్ పూర్తి ఖాళీ నుంచి నిండాలి గనుక రిలే వెంటనే పడుతుంది, కాస్త ఎక్కువసేపు పట్టుకుంటుంది. అంటే నాబ్ ఎక్కడున్నా వేసీ వేయగానే అద్దం ఒకసారి తుడుచుకుంటుంది. డ్రైవరుకి కావలసిందీ అదే. ఆ 47 మైక్రోఫారడ్లకి మామూలు ఎలక్ట్రోలిటిక్ చాలా చవగ్గా వస్తుంది. ఈయన ఎక్కువ పెట్టి టాంటలమ్ రకం కొన్నారు. అంత పెద్ద రెసిస్టరు గుండా ఖాళీ అయ్యేటప్పుడు పారే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. ఎండకి కెపాసిటర్ లోపలే లీకేజీ మొదలైతే లెక్కంతా పోతుంది.

ఐసీకి కాపలా కూడా అంతే పొదుపు. ముందు ఒక డయోడు, బ్యాటరీ ఎవరైనా తిరగేసి బిగించినా ఇబ్బంది లేకుండా. తర్వాత 47 ఓమ్‌ల రెసిస్టరు, పదిహేను వోల్టుల జీనరు, పక్కన కెపాసిటరు. ఐసీ ఐదో కాలి దగ్గర బియ్యపు గింజంత మరో కెపాసిటరు, స్పార్కు ప్లగ్గుల అలజడి ఆ రెండు గీతలనీ కదపకుండా. రిలే కాయిల్‌ని నడిపేది ఎస్‌ఎల్ 100. ఇనప టోపీ పెట్టుకున్నట్టుండే ఈ ట్రాన్సిస్టర్‌తోనే ఒక తరం మన హాబీ కుర్రాళ్లు సోల్డరింగ్ నేర్చుకున్నారు.

అసలు నేర్పు వైపర్ మోటారు దగ్గర కనిపిస్తుంది. స్విచ్చి ఎక్కడ ఆపినా బ్లేడు అద్దం మధ్యలో నిలబడిపోదు, అడుక్కి వచ్చి పడుకుంటుంది. మోటారు లోపల గేరుతో పాటు తిరిగే ఒక పళ్లెం ఆ పని చేస్తుంది. బ్లేడు అడుక్కి చేరేదాకా కరెంటు ఇస్తూనే ఉంటుంది. చేరగానే కరెంటు తెంపి మోటారు వైరుని ఎర్తుకి కలుపుతుంది. ఇంకా తిరగబోయే మోటారు అప్పుడు తానే డైనమో అయి, ఆ కరెంటుతోనే తనకి బ్రేకు వేసుకుంటుంది. ఇది తెలియకుండా రిలే నుంచి పన్నెండు వోల్టులు తెచ్చి మోటారు వైరుకి అతికిస్తే, అటు ఎర్తు ఇటు బ్యాటరీ ముఖాముఖి కలిసి, మొదటి చినుక్కే ఫ్యూజు పోతుంది. బాబాయ్ రిలే రెండు వైపులా పలికే రకం. ఊరుకున్నప్పుడు మోటారుని ఆ పళ్లేనికి అప్పగించి ఉంచుతుంది. ముప్పావు సెకను పాటు మాత్రం ఆ దారి విడిచి బ్యాటరీకి కలుపుతుంది. ఆపాటికి బ్లేడు పడక మీంచి లేస్తుంది. రిలే మళ్లీ వెనక్కి వాలుతుంది. మిగిలిన ఊపంతా పళ్లెమే పూర్తి చేస్తుంది, చివర బ్రేకు కూడా అదే వేస్తుంది. కారులో ముందే ఉన్న తెలివిని తోసిరాజనకుండా, దానికి ఓ చిన్న తోపు మాత్రమే ఇచ్చారన్నమాట.

ఇక వైర్లు. ప్రతి వైరు కొసకీ పసుపు పచ్చ ఫెర్రూలు, దాని మీద నల్ల అంకె. కర్మాగారాల ప్యానెళ్లలో పనిచేసిన వాళ్లకి ఇది ఒంటబట్టిన అలవాటు. నంబరు లేని వైరుని వాళ్లు వైరుగా లెక్కపెట్టరు. అవే అంకెలతో గీసిన డ్రాయింగు ప్లాస్టిక్ కవర్లో మడిచి గ్లవ్ బాక్సులో ఉంది. వైర్లకి సోల్డర్ పెట్టలేదు, లగ్గులు కొట్టారు. సోల్డర్ వైరు పోగుల్లోకి పాకి, పాకిన మేర బిరుసెక్కుతుంది. అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. బోర్డు మీద మాత్రం సోల్డరే, దాని మీద రెండు పూతల ఇన్సులేటింగ్ వార్నిష్. సముద్రం దగ్గర రాగి ఎంత త్వరగా పచ్చబడుతుందో ఈ ఊళ్లో కాపురమున్న వాళ్లకి చెప్పనక్కర్లేదు. బొగ్గు పొడి సంగతి ఇంకో తిరకాసు. తేమతో కలిసి బోర్డు మీద పేరుకుంటే కాళ్ల మధ్య కరెంటు జారడానికి దారి అవుతుంది. పెట్టెలోకి వైర్లు కింది నుంచి వస్తాయి, రబ్బరు గ్రొమెట్ గుండా. పైనుంచి వస్తే వైరు పట్టుకుని నీళ్లు కూడా వస్తాయి.

ఇంత పనిలోనూ నేను ఎక్కువ మార్కులు వేసేది ఇంకోదానికి. మారుతి వైరు ఒక్కటి కూడా ఆయన తెంపలేదు. వైపర్ కనెక్టర్‌లో ఆడదీ మగదీ రెండూ ఆటోనగర్ తుక్కు బళ్ల నుంచి ఏరి తెచ్చి, వాటితో మధ్యలో దూరే చిన్న జతవైరు కట్టారు. పెట్టె వద్దనుకుంటే ఆ ముక్క ఊడదీసి, పాత కనెక్టర్ రెండు కొసలూ కలిపేస్తే సరి, బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ‘రేపు నేను లేనప్పుడు ఘాట్లో ఇది మొరాయిస్తే మీ పిన్ని ఏటి చేస్తాది? లాగి కలిపేసుకోవాల’ అన్నారు.

పిన్నిగారి మాట వచ్చింది కాబట్టి నాబ్ గురించి చెప్పాలి. డ్రైవరు చేతికి కాక పక్క సీటు చేతికి అందేలా దాన్ని బిగించారు. చుట్టూ సెకన్ల అంకెలు చక్కగా స్టెన్సిల్‌తో వేశారు. పిన్ని నెల తిరక్కుండానే వాటి మీద తెల్ల కాయితం అంటించి, పెన్నుతో ‘లారీ’, ‘తుంపర’, ‘ఘాటు’ అని మూడు గుర్తులు పెట్టేశారు. ‘అంకెలు ఎవరిక్కావాలండీ, దారి చూసి తిప్పుతాను గానీ గడియారం చూసి తిప్పుతానా’ అని ఆవిడ వాదన. ఆ కాయితం ఇప్పటికీ అలాగే ఉంది. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఇంత అనుభవం ఉన్న మనిషి స్కేలు విషయంలో ఓడిపోయి నోరు మూసుకోవడం నాకు చాలా నచ్చింది.

ఆగి ఆగి తిరిగే ఎలక్ట్రానిక్ వైపర్‌కి ఆద్యుడైన రాబర్ట్ కెర్న్స్ కూడా ఉక్కు ఊరివాడే. 1927లో అమెరికాలోని గ్యారీలో పుట్టాడు. మిచిగన్ సరస్సు ఒడ్డున యూఎస్ స్టీల్ కంపెనీ కట్టుకున్న పట్టణం అది. 1953లో పెళ్లినాటి రాత్రి షాంపేన్ బిరడా ఎగిరి తగిలి ఎడమ కంటి చూపు దాదాపు పోయింది. పదేళ్ల తర్వాత సన్నటి వానలో కారు నడుపుతుంటే, ఆగకుండా ఊగే వైపర్ ఆ కంటికి చిరాకు పెట్టింది. కనురెప్ప ఆగి ఆగి కొట్టుకుంటుంది కదా, వైపర్ ఎందుకు అలా కాకూడదన్నది అతని ప్రశ్న. ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, ఒక మార్చుకునే రెసిస్టరుతో జవాబు కట్టాడు. 1964లో పేటెంటుకి దరఖాస్తు చేశాడు. ఫోర్డుకి చూపించాడు. అతనితో ఒప్పందం కుదరలేదు గానీ, 1969లో ఫోర్డు కార్లలో అలాంటి వైపర్ వచ్చింది. 1978లో ఫోర్డు మీద, 1982లో క్రిస్లర్ మీద దావా వేశాడు. కొన్నాళ్లు లాయర్లని కూడా మానేసి తానే వాదించుకున్నాడు. ఫోర్డు 1990లో కోటి డాలర్ల పైచిలుకు ఇచ్చింది. క్రిస్లర్ నుంచి వడ్డీతో కలిపి మూడు కోట్లు రాబట్టేసరికి 1995 వచ్చింది. ఈలోగా మనసు చెదిరి ఆస్పత్రి పాలయ్యాడు, భార్య విడిపోయింది, పిల్లలు కోర్టు కాయితాల మధ్య పెరిగారు. 2005లో పోయాడు. 2008లో అతని మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది.

బాబాయ్‌కి ఈ కథ తెలుసు. కెర్న్స్ న్యాయం కెర్న్స్‌దేనంటారు. వాడిన భాగాలన్నీ పాతవే, ఇందులో కొత్తేముందని కంపెనీలు వాదించాయి. కూర్పు కొత్తదని అతనన్నాడు. అదీ నిజమే. కానీ ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో దానికి ఎంత చోటివ్వాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన లెక్క. ఉక్కునగరం క్వార్టర్లో ఉన్న రోజుల్లో సి షిఫ్ట్ దిగి, టిఫిన్ తిని, నిద్రపోవాల్సిన మనిషి పోర్టికోలో బండి కింద పడుకునేవారట. పిల్లల ఫీజుల నెలలో కొత్త భాగాలు కొనకూడదు, వంటింటి బల్ల మీద బోర్డు రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ గిన్నె పెట్టకూడదు. ఇవి పిన్ని పెట్టిన షరతులు. రెండోది ఎందుకొచ్చిందో ఆ బల్ల మీదున్న తుప్పురంగు మరకే చెప్తుంది. షిఫ్టులు మారుతున్న కొద్దీ సోల్డరింగ్ వేళలూ మారేవి. వైపర్ పెట్టె ఒక వానాకాలంలో మొదలై ఇంకో వానాకాలానికి గాని పూర్తవలేదు. హడావుడి లేకపోవడం ఆ పనిలో ఎక్కడ చూసినా తెలుస్తుంది.

ప్లాంటులో ఆయనకి సాటి పిచ్చివాళ్లు కొందరుండేవారు. ఒకాయనది ప్రీమియర్ పద్మిని. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు నాలుగు ఆంపియర్లు తెంపీ తెంపీ కాలిపోతున్నాయని, ఆ బరువు ఒక పవర్ ట్రాన్సిస్టర్ నెత్తిన పెట్టాడు. పాయింట్లు కనుసైగ చేస్తే చాలు, తెంపే పని ట్రాన్సిస్టర్‌ది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే సెకనుకి వంద స్పార్కులు కావాలి. అన్నిసార్లు తెంపే పాయింట్లని కాపాడటం చిన్న విషయం కాదు. ఆ పద్మినిలోనూ పాత కండెన్సరు తియ్యకుండా పక్కనే ఉంచారట, ఎప్పుడైనా వెనక్కి మళ్లేందుకు. ఆ ముఠా మర్యాద అదేనేమో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు. చాలామంది కారు బ్యాటరీకి ఫోను తగిలించి, మర్నాడు బండి స్టార్టవక తోసుకున్నారు. బాబాయ్ మారుతిలో అప్పటికే ఒక కంపారేటర్ బోర్డు ఉండేది. బ్యాటరీ పన్నెండు వోల్టులకి దిగగానే బయటి తీగలన్నిటినీ తెంపేసి, సెల్ఫ్‌కి సరిపడా మిగిల్చేది. వీధిలో ఫోన్లన్నీ వంతులవారీగా ఆ బండి దగ్గర చార్జి అయ్యాయి. తెంపినప్పుడు టిక్కుమనే రిలే చప్పుడు వినగానే వరసలో ఉన్నవాళ్లు గొణుక్కుంటూ ఇళ్లకి పోయేవారు. బతిమాలినా ఆయన దాన్ని బైపాస్ చేయలేదు. ఆస్పత్రి అవసరం ఎవరికొస్తుందో తెలియదని చెప్పి పంపేశారట.

ఇప్పుడు బజార్లో కారు ఎలక్ట్రానిక్స్ పేరిట నడిచేదంతా ఈ కోవకి చెందదు. హెడ్‌లైట్ వైరు ఇన్సులేషన్ బ్లేడుతో గీకి, కొత్త లైటు వైరు చుట్టి, టేపు వేసి పంపేస్తారు. వేసవికి టేపు జిగురు కారుతుంది, వర్షాకాలానికి రాగి పచ్చబడుతుంది. కొత్త కార్లలో ఆ మాత్రం కూడా చెల్లదు. స్విచ్చికీ లైటుకీ మధ్య కంప్యూటర్లు కూర్చున్నాయి. 1986లో బోష్ కంపెనీ బయటపెట్టిన క్యాన్ బస్ మీద, రెండు మెలిపెట్టిన వైర్లలో, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దారిలో ఎవరో తగులుకుంటే కనిపెట్టేస్తాయి. అందుకే ఇప్పటి ఇంజనీరింగ్ కుర్రాళ్లు వైరు తెంపరు. డ్యాష్‌బోర్డు కింద సర్వీసువాళ్ల కోసం ఉంచిన ఓబీడీ సాకెట్‌కి చిన్న బోర్డు తగిలించి, ఇంజను వేడి, చుట్లు, తప్పుల కోడ్లు చదువుకుంటారు. బాబాయ్ దగ్గరికి ఒకరిద్దరు అలాంటివి పట్టుకొస్తుంటారు. ఆయన ప్రోగ్రాము అడగరు. బోర్డు తిరగేసి సోల్డరు చూస్తారు, వైరు లాగి చూస్తారు, ఫ్యూజెక్కడ పెట్టావంటారు.

బాబాయ్ కొడుకు ఈమధ్య కొత్త కారు కొన్నాడు. దాని వైపర్‌కి నాబే లేదు. అద్దం వెనక చిన్న సెన్సరు ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని ఏటవాలుగా గాజులోకి పంపుతుంది. గాజు పొడిగా ఉంటే కిరణం మొత్తం లోపలికే తిరిగొస్తుంది. చినుకు పడ్డచోట కొంత బయటికి జారిపోతుంది. ఆ లోటుని బట్టి ఎంత వేగంగా తుడవాలో అదే తేల్చుకుంటుంది. దాని గురించి చెప్పేటప్పుడు బాబాయ్ ముఖం చూడాలి. లారీ బురదని అది వాన అనుకుంటుందా లేదా అన్నది ఆయనకి ఇంకా తేలలేదు. విప్పి చూద్దామంటే వారంటీ అయ్యేదాకా ఆ కారు మీద చెయ్యి వేయడానికి వీల్లేదని పిన్ని ఆంక్ష. వచ్చే జూన్‌తో వారంటీ అయిపోతుంది.